748 సార్లు పాడిన లూసీన్ అమారాకి మెట్ న్యాయం చేసిందా?

స్వరలహరి:
న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో (అదే మెట్; ఒపెరా అంటే పాటలతోనే నడిచే నాటకం) 748 ప్రదర్శనలు, 56 పాత్రలు. 1950 నవంబరులో మొదలుపెట్టి 1991 దాకా పాడారు. అయినా లూసీన్ అమారా పేరు చెబితే ఒపెరా బాగా వినేవాళ్లు కూడా "ఎవరావిడ?" అంటున్నారు. 2024 సెప్టెంబరులో, 99 ఏళ్ల వయసులో పోయారు. ఆ వారమంతా నేను ఆవిడ రికార్డింగులే వింటూ కూర్చున్నాను. వింటున్నకొద్దీ బాధ పెరిగింది. ఇంత మంచి సొప్రానోని (ఎత్తు స్వరాలు పాడే గాయనిని) మెట్ వాళ్లు నలభై ఏళ్లు అవసరానికి వాడుకున్నారు గానీ, తమ తారగా ఎప్పుడూ నిలబెట్టలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. మీరేమంటారు?

ముందువరస:
నేను ఒప్పుకోనండీ. 748 సార్లు ఆ వేదిక మీద నిలబడడం అన్యాయం ఎలా అవుతుంది? అంత పేరున్న గాయని మరియా కాలస్ మెట్‌లో పాడినవి పాతిక లోపే. శాన్‌ఫ్రాన్సిస్కో ఒపెరా కోరస్‌లో (వెనక గుంపులో) పాడిన అమ్మాయి మెట్‌లో ఐదా, మిమీ, తత్యానా లాంటి నాయిక పాత్రల దాకా వచ్చింది. ఇంకేం కావాలి? పైగా ఆ రోజుల్లో పోటీ ఎవరితో? ముందు నుంచీ జింకా మిలనోవ్ ఉంది, 1955లో తెబాల్ది వచ్చింది, 1961లో లియొంటీన్ ప్రైస్ వచ్చింది. వాళ్ల పక్కన రెండో వరసలో ఉండడం తక్కువేమీ కాదు.

స్వరలహరి:
రెండో వరస తక్కువని నేనూ అనను. కానీ ఆ రెండో వరసలో పని ఎలా ఉంటుందో చూడండి. మెట్‌లో "కవర్" అంటారు. అసలు గాయనికి గొంతు పట్టేస్తే ఆ రాత్రి బదులుగా వెళ్లి పాడే మనిషి. పాత్ర మొత్తం కంఠతా ఉండాలి, ఫోన్‌కి అందుబాటులో ఉండాలి, ఏ పూట పిలిచినా గొంతు సిద్ధంగా ఉండాలి. పిలుపు రాకపోతే ఆ సాధనంతా ఎవరికీ వినపడదు. వస్తే సరిగ్గా రిహార్సల్ కూడా లేకుండా వేదిక ఎక్కాలి. టికెట్ కొన్నవాళ్లు వేరే పేరు చూసి వచ్చారు కాబట్టి మొదటి పది నిమిషాలు వాళ్ల నిరాశని కూడా ఈవిడే మోయాలి. అమారా ఇలా ఎన్నోసార్లు నెట్టుకొచ్చి ప్రదర్శన నిలబెట్టారు. అంతగా నమ్ముకున్న మనిషికి కొత్త ప్రొడక్షన్లు, సీజన్ మొదటి రాత్రులు ఎన్ని ఇచ్చారన్నదే నా ప్రశ్న.

ఇంకొకటి. మెట్‌లో ఆవిడ తొలి పాత్ర ఏమిటో తెలుసా? 1950 నవంబరు 6, రూడాల్ఫ్ బింగ్ మేనేజరుగా తొలి సీజన్ మొదలైన రాత్రి. వెర్ది "డాన్ కార్లో". మతద్రోహులని ముద్ర వేసినవాళ్లని మంటల వైపు నడిపించే దృశ్యం చివర్లో, ఆకాశం నుంచి ఒక గొంతు వాళ్లని ఓదారుస్తుంది. ఉన్నవి కొన్ని పంక్తులే. పాడే మనిషి కనపడదు. ఆ గొంతే అమారా. తర్వాత కూడా మెట్ ఆవిడని చాలాకాలం అలాగే చూసిందేమో అనిపిస్తుంది నాకు.

లాపాయింటు:
అసలు గొడవ వచ్చిన 1970ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడకి యాభై దాటాక మెట్ వేదిక పాత్రలు ఆపేసి, కవర్‌గా మాత్రమే ఉండమంది. ఆవిడ వయసు వివక్ష అని ఫిర్యాదు చేశారు, గెలిచారు. నిజం చెప్పాలంటే నాకు ఇది ఇబ్బందిగానే ఉంది. సొప్రానో గొంతు వయసుతో మారుతుంది. ఎవరు పాడాలో ఒపెరా హౌస్ నిర్ణయించాలా, చట్టమా?

స్వరలహరి:
గొంతు పోయిందని వాళ్లు అనుకుంటే కవర్‌గా ఎందుకు పెట్టుకున్నారండీ? కవర్ అంటేనే రేపు రాత్రి అదే పాత్ర అదే వేదిక మీద పాడగలగాలి కదా! అత్యవసరమైతే పనికొచ్చే గొంతు, మామూలు రోజున పోస్టర్ మీద పేరు వేయడానికి పనికిరాదా? అయితే వాళ్లకి అడ్డొచ్చింది గొంతు కాదు. గెలిచాక ఆవిడ తిరిగొచ్చి మళ్లీ పాడారు కూడా.

లాపాయింటు:
ఈ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను.

కొత్తశ్రోత:
మధ్యలో చిన్న సందేహం. ఆవిడ అసలు పేరు లూసీ అర్మగానియన్ అట. అర్మేనియన్ అని తెలియకుండా మార్చుకున్నారా?

స్వరలహరి:
ఇంటిపేరు కుదించుకున్న మాట నిజం. "-యన్" పోయింది. కానీ ముందు పేరు చూడండి. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో వలస వచ్చిన అర్మేనియన్ దంపతులకి పుట్టినప్పుడు పెట్టిన లూసీ అమెరికన్ పేరు. దాన్ని తీసుకెళ్లి లూసీన్ చేశారు. "లుసిన్" అంటే అర్మేనియన్‌లో చంద్రుడు. దాచుకోవాలనుకునేవాళ్లు చేసే పని కాదిది.

ముందువరస:
కేసు విషయంలో స్వరలహరి గారి మాటే సరి. కానీ కెరీర్ మొత్తం అన్యాయమంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. 1956లో కండక్టర్ బీచమ్ "లా బొహేమ్" ఒపెరా రికార్డు చేసినప్పుడు బియోర్లింగ్, దె లోస్ ఏంజెలెస్ లాంటి గాయకుల పక్కన ముజెట్టా పాత్ర ఈవిడే పాడారు. 1965లో కండక్టర్ లైన్స్‌డోర్ఫ్ బోస్టన్‌లో రికార్డు చేసిన "లోహెన్‌గ్రిన్"లో నాయిక ఎల్సా. (ఆ ఎల్సాలో నాకు భావం కొంచెం తక్కువనిపిస్తుంది, అది వేరే సంగతి.) పక్కన పెట్టేసిన గాయనికి ఇవి వచ్చేవా?

స్వరలహరి:
రికార్డు కంపెనీలు చూసినదాన్ని మెట్ చూడలేదనే కదా నా బాధంతా! 1960లో ఇటలీలోని లా స్కాలా ఒపెరా హౌస్‌లో గాయకులు కొరెల్లి, గోబ్బిలతో చేసిన "పాల్యాచి" రికార్డు ఉంది, అది ఒక్కసారి వినండి. అందులో నాయిక నెడ్డా ఆకాశంలో పక్షుల్ని చూసి పాడే పాట. భర్త అనుమానం చూపుకి జడిసి, పాట మొదట్లో గొంతు ముడుచుకుని ఉంటుంది. పక్షుల మాట తెలిసిన అమ్మ గుర్తొచ్చాక మెల్లగా తెరుచుకుంటుంది. అమారా అక్కడ ఎక్కడా అరవరు. ఒక్కో స్వరాన్నీ కాస్త ఆపి వదులుతారు.

ముందువరస:
ఇప్పుడే విన్నాను. రెండుసార్లు. "అమ్మ" అన్న మాట దగ్గర మీరు చెప్పింది నాకూ వినపడింది. మెట్ సంగతిలో మన వాదన ఉండనీయండి. మెట్‌లో ఆవిడ పాడిన "ఐదా" రికార్డింగ్ ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, అది వినాలనుంది.