రోమ్‌లో మొదటి రోజు – ఒక్కదాన్నే వెళ్తున్నాను, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

సంధ్య_హైదరాబాద్:
వచ్చే నెల రోమ్ వెళ్తున్నాను, ఒక్కదాన్నే. దోహా మీదుగా వెళ్ళి ఉదయం ఏడున్నరకు ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్ట్‌లో దిగుతాను. హోటల్ టెర్మినీ స్టేషన్ దగ్గరే, కానీ గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరట. రెండో రోజు నుంచి ప్లాన్ అంతా రెడీ. ఆ మొదటి రోజే ఎటూ తేలడం లేదు. కొలోసియం ఆ రోజే పెట్టుకోవచ్చా? గది ఇచ్చేదాకా సూట్‌కేసు ఏం చెయ్యాలి? నేను గుడ్డు కూడా తినను, తిండి ఎలా? మా అమ్మ ఇప్పటినుంచే టెన్షన్ పడుతోంది. టాప్ టెన్ లిస్టులు చాలా చదివాను, అవి వద్దు. మీకు జరిగింది చెప్పండి.

స్టుట్‌గార్ట్_స్టూడెంట్:
అక్కా, ముందు టికెట్ సంగతి తెలుసుకోండి. ఇటలీలో దిగిన మొదటి రోజే నేను 50 యూరోలు ఫైన్ కట్టాను. టికెట్ కొన్నాను, చేతిలోనే ఉంది, అయినా కట్టాను. ప్లాట్‌ఫామ్ మీద చిన్న మిషన్ ఉంటుంది. రైలెక్కే ముందు టికెట్ అందులో పెడితే తేదీ, టైమ్ అచ్చు పడతాయి. అది పడకపోతే టికెట్ లేనట్టే లెక్క. నాకు ఎవరూ చెప్పలేదు. బోగీలో అందరూ నన్నే చూస్తుంటే తల ఎత్తలేకపోయాను. ఆ 50 యూరోలతో నాకు రెండు వారాల సరుకులు వచ్చేవి.

కోనసీమ_బాబు:
ఆ మిషన్ల కాలం పోయింది తమ్ముడూ. ఇప్పుడంతా ఫోన్‌లోనే. మే నెలలో పది రోజులు తిరిగాను, ఎక్కడా అచ్చు వేయించలేదు, ఎవరూ అడగలేదు. మొదటిసారి వెళ్ళే అమ్మాయిని అనవసరంగా భయపెట్టొద్దు.

స్టుట్‌గార్ట్_స్టూడెంట్:
నేను భయపెట్టడం లేదు, నాకు జరిగింది చెప్పాను. మిమ్మల్ని ఎవరూ అడగలేదంటే అది మీ అదృష్టం, రూల్ కాదు. మీ మాట నమ్మి వెళ్తే రేపు ఫైన్ మీరు కడతారా?

ఓరుగల్లు_ఆడపడుచు:
నాది టికెట్ గొడవ కాదు, దారం గొడవ. మొదటి రోజు సాయంత్రం కొలోసియం బయట నిలబడి ఫోటో తీసుకుంటున్నాను. ఒకతను నవ్వుతూ వచ్చి, ఇండియానా అని అడిగి, రంగుల దారం చూపించాడు. చిన్నప్పటినుంచి గుళ్ళో కంకణం కట్టించుకునే అలవాటు కదా, ఆలోచించకుండానే చెయ్యి చాపేశాను. ముడి వేసి, దారం కొస ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి డబ్బులకు చాపాడు. విప్పుదామంటే రాదు, గట్టి ముడి. ఇంకో ఇద్దరు పక్కకు వచ్చి నిలబడ్డారు. పది యూరోలు ఇచ్చి బయటపడ్డాను. పోయిన డబ్బు కన్నా ఆ రాత్రి గదిలో ఒక్కదాన్నే కూర్చుని పళ్ళతో ఆ ముడి విప్పుకోవడం ఎక్కువ బాధగా అనిపించింది. చెల్లీ, ఎవరు ఏది ఊరికే ఇస్తామన్నా చేతులు జేబులో పెట్టుకుని నడిచిపో. గులాబీ పువ్వైనా సరే. టెర్మినీలో టికెట్ మిషన్ దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్ళకీ అదే జవాబు.

నల్లమల_నడక:
టికెట్ గురించి ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు. ప్యాసింజర్ రైలు కాగితం టికెట్‌కి అచ్చు తప్పనిసరి. అదే టికెట్ ఫోన్‌లో కొంటే, 2023 నుంచి, రైలెక్కే ముందు ఫోన్‌లోనే చెక్-ఇన్ అని నొక్కాలి. సీటు నంబరుతో వచ్చే ఫాస్ట్ రైళ్ళకు ఇవేవీ అక్కర్లేదు. ఇక సంధ్య గారూ, మీకు కావలసింది లియొనార్డో ఎక్స్‌ప్రెస్. ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీకి 32 నిమిషాలు, మధ్యలో ఆగదు. నేను వెళ్ళినప్పుడు 14 యూరోలు. పక్కనే 8 యూరోల రైలు కూడా ఉంటుంది, చవక అని ఎక్కకండి. అది ట్రాస్తెవెరె, ఓస్తియెన్సె, తిబుర్తీనా మీదుగా పోతుంది, టెర్మినీకి రాదు. మెట్రోలో, సిటీ బస్సుల్లో బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు.

కోనసీమ_బాబు:
నేను ఎక్కినవన్నీ సీటు నంబరున్న రైళ్ళే, ఒప్పుకుంటున్నాను. కానీ "రేపు ఫైన్ మీరు కడతారా" అనేముందు ఆ తమ్ముడు మర్యాదగా ఒక మాట అడగాల్సింది.

ప్యూర్‌వెజ్_గుంటూరు:
తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. అక్కడ వెజ్ అంటే మాంసం ముక్క కనపడకపోవడమే. మొదటి రోజు ఆకలి మీద ఒక కొట్లో సుప్లీ అని బియ్యంతో చేసిన ఉండ తిన్నాను, మన పునుగులా వేడిగా ఉంది. రెండోది కొరికాక లోపల కీమా తగిలింది. సగం సుప్లీలు మాంసం సాస్‌తోనే చేస్తారట. ఇంకా పెద్ద విషయం చీజ్. పార్మిజాన్ చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్, అంటే పాలను విరగ్గొట్టే పదార్థం, వాడతారు. రోమ్‌లో అన్నిటిమీదా చల్లే పెకొరీనో అనే గొర్రెపాల చీజ్‌లో గొర్రెపిల్లది. ఇది తెలిసి మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

కోనసీమ_బాబు:
చీజ్‌లో కూడా దూడ వెతికితే ఇక ప్రయాణాలు ఎందుకండీ? చిటికెడు పదార్థం, అదీ పాలు విరిగాక చాలావరకు నీళ్ళతోనే పోతుంది.

ప్యూర్‌వెజ్_గుంటూరు:
చిటికెడైనా దూడను కోస్తేనే వస్తుంది. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఉన్న నియమం అది. మీరు పాటించమని నేను అడగలేదు. ఆ అమ్మాయి గుడ్డు కూడా తినను అని రాసింది, ఆమెకు తెలియాల్సిన విషయం చెప్పాను. వెటకారం అవసరం లేదు.

పాలకేంద్రం:
నేను డెయిరీ టెక్నాలజీ చదివి 19 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, ఇందులో ఊహలు అక్కర్లేదు. గుంటూరు వారు చెప్పింది నిజం. పార్మిజానో రెజానో అన్న పేరు పెట్టాలంటే దూడ రెన్నెట్టే వాడాలి, పెకొరీనో రొమానోకి గొర్రెపిల్లదే వాడాలి. అది వాళ్ళ చట్టంలోనే ఉంది. మన దగ్గర పచ్చ చుక్కతో అమ్మే చీజ్‌కి సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, అందుకే ఇక్కడ మనకు ఈ ప్రశ్నే రాదు. సంధ్య గారికి ఇంకొకటి. గ్రానా పదానో అనే చీజ్‌లో సాధారణంగా లైసోజైమ్ కలుపుతారు, అది గుడ్డు తెల్లసొన నుంచి వస్తుంది. పాస్తాలో కూడా ఫెట్టుచీనె లాంటి పచ్చి రకాల్లో గుడ్డు ఎక్కువ, ఎండు స్పగెట్టీలో గోధుమ రవ్వ, నీళ్ళే. అన్నిటికన్నా తేలిక మార్గం పిజ్జా మారినారా. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. అసలు చీజే ఉండదు. పిజ్జా ముక్కలుగా కోసి తూకం వేసి అమ్మే కొట్లలో వేలితో ఇంత అని చూపిస్తే కత్తిరించి ఇస్తారు.

నల్లమల_నడక:
కాచో ఎ పెపె అనే పాస్తా అంతా ఆ పెకొరీనో, మిరియాలే. మిరియాలు అంటే గుర్తొచ్చింది. పాతకాలపు రోమ్ నడిబొడ్డైన రోమన్ ఫోరమ్‌లో, మాక్సెంటియస్ బసిలికా అనే శిథిల భవనం కింద ఒకప్పుడు మిరియాల గోదాములు ఉండేవి, డొమిషియన్ చక్రవర్తి కట్టించినవి. మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్ళిన సరుకు. దానికి వాళ్ళు చెల్లించిన బంగారం, వెండి ఇటువైపు వచ్చింది. మన నల్గొండ జిల్లాలో కూడా రోమన్ నాణేల కుండలు బయటపడ్డాయి. ఆ ఫోరమ్‌లో నిలబడి మా జిల్లా పేరు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

కోనసీమ_బాబు:
మిరియాలు కేరళవి, నాణేలు నల్గొండవి. మధ్యలో లంకె ఏది మాష్టారూ?

నల్లమల_నడక:
కృష్ణా తీరం రేవులకు కూడా ఆ వ్యాపారం నడిచింది బాబూ, మేలైన నూలు బట్టలు ఇక్కడినుంచే వెళ్ళాయి. నాగార్జునకొండలోనూ రోమన్ నాణేలు దొరికాయి. కావాలంటే వేరే చర్చ పెట్టండి, ఓపికగా రాస్తాను.

సంధ్య_హైదరాబాద్:
అందరికీ థాంక్స్. చీజ్ విషయం నాకు నిజంగా తెలియదు. కానీ సూట్‌కేసు సంగతి ఎవరూ చెప్పలేదు. కొలోసియం సంగతీ చెప్పలేదు 🙏

యాత్రికుడు_63:
అమ్మా సంధ్యా, సూట్‌కేసు హోటల్లోనే పెట్టుకోమను, గది ఇవ్వకపోయినా సామాను పెట్టుకుంటారు. వాళ్ళు కాదంటే టెర్మినీ స్టేషన్లోనే డబ్బు తీసుకుని భద్రపరిచే చోటు ఉంది. దాన్ని లాక్కుంటూ మాత్రం తిరగొద్దు. ఆ వీధుల్లో పిడికిలంత నల్లరాళ్ళు పరిచి ఉంటాయి, సాంపియెత్రీని అంటారు. అరగంటలో నా సూట్‌కేసు చక్రం ఊడి చేతికొచ్చింది.

కొలోసియం ఆ రోజు వద్దు. టికెట్ మీద నీ పేరుంటుంది, పాస్‌పోర్ట్ చూస్తారు, టైమ్ కూడా రాసి ఉంటుంది. దోహాలో విమానం రెండు గంటలు లేటైతే ఆ టికెట్ పోయినట్టే. పెద్ద బ్యాగులను లోపలికి రానివ్వరు. రెండో రోజు పొద్దున పెట్టుకో.

నేను రిటైరయ్యాక 61వ ఏట ఒక్కడినే వెళ్ళాను. మొదటి రోజు పాంథియాన్ అనే పాత రోమన్ గుడి ఒక్కటే చూశాను. అప్పుడు టికెట్ 5 యూరోలు. హేడ్రియన్ చక్రవర్తి కాలం నాటిది, దాదాపు 1900 ఏళ్ళు. గోపురం వెడల్పు, నేల నుంచి ఎత్తు, రెండూ 43.3 మీటర్లే. 33 ఏళ్ళు సివిల్ ఇంజనీరుగా శ్లాబులు పోయించిన వాణ్ణి, ఒక్క ఇనుప చువ్వ లేకుండా అంత కాంక్రీటు నిలబడటం చూసి బెంచీ మీద కూర్చుండిపోయాను. పైన నడిమధ్య పెద్ద రంధ్రం. అందులోంచి పడే ఎండ గోడ మీద గుండ్రంగా, పళ్ళెంలా ఉంటుంది. నేను కూర్చున్నప్పుడు అది ఒక స్తంభం అంచున ఉంది, లేచేసరికి స్తంభం దాటి పక్క గూటిలోకి పోయింది. అంతసేపు ఎవరితో ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆవిడ పోయాక అంత నెమ్మదిగా ఉన్న పూట అదే.

స్టుట్‌గార్ట్_స్టూడెంట్:
అంకుల్, చువ్వ లేకుండా ఎలా నిలబడింది? మా అపార్ట్‌మెంట్ శ్లాబు పదిహేనేళ్ళకే పెచ్చులూడుతోంది.

యాత్రికుడు_63:
పెచ్చులూడేది చువ్వ తుప్పు పట్టి ఉబ్బడం వల్లే బాబూ. అక్కడ చువ్వే లేదు, తుప్పూ లేదు. పైకి పోయేకొద్దీ గోపురం మందం తగ్గించారు, కాంక్రీటులో తేలికరాయి కలిపారు. మీ శ్లాబు వెంటనే ఎవరికైనా చూపించండి, ఆలస్యం చెయ్యొద్దు.

ఓరుగల్లు_ఆడపడుచు:
నీళ్ళ బాటిళ్ళు కొనకు చెల్లీ. వీధుల్లో నజోని అని ఇనుప కొళాయిలు రెండున్నర వేల దాకా ఉన్నాయి, 1874 నుంచి పెట్టారట. ముక్కులా వంగిన గొట్టంలోంచి చల్లటి నీళ్ళు ఆగకుండా పడుతుంటాయి. కొసను వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి ధార పైకి ఎగురుతుంది, వంగకుండా తాగొచ్చు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగు, కూర్చుంటే రేటు వేరు. ఇంకోటి, పాస్‌పోర్ట్ ఫోటో అమ్మకు పంపి ఉంచు. మన రాయబార కార్యాలయం వయా వెంటి సెట్టెంబ్రెలో 5వ నంబరు, టెర్మినీ నుంచి నడిచి వెళ్ళొచ్చు. అడ్రసు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో, ఫోనే పోతే ఫోన్లో ఉన్న అడ్రసు పనికిరాదు.

సంధ్య_హైదరాబాద్:
వెళ్ళొచ్చాను! హోటల్ వాళ్ళు సూట్‌కేసు మాట్లాడకుండా పెట్టుకున్నారు. దగ్గరే కదా అని శాంతా మరియా మజ్జోరె చర్చికి నడిచాను. పోప్ ఫ్రాన్సిస్ సమాధి అక్కడే ఉంది, తెల్లటి రాయి మీద పేరు తప్ప ఇంకేమీ రాయలేదు. పియాజ్జా విట్టోరియో దగ్గర బంగ్లాదేశీ కొట్లో పచ్చిమిరపకాయలు చూసి ఫోటో తీసి అమ్మకు పంపాను, అప్పుడు నవ్వింది. పాంథియాన్ చేరేసరికి వాన. పైనున్న రంధ్రంలోంచి చినుకులు తిన్నగా నేల మీద పడుతున్నాయి, చుట్టూ తాడు కట్టారు, రాతి నేలకున్న చిన్న చిల్లుల్లోకి నీళ్ళు ఇంకిపోతున్నాయి. ఎండ పళ్ళెం కనిపించలేదు అంకుల్, కానీ నేనూ గంటసేపు కూర్చున్నాను. రాత్రి ఎనిమిదికే నిద్రపోయాను. మూడింటికి మెలకువ వచ్చింది, మనకప్పుడు ఆరున్నర, అమ్మ కాఫీ పెట్టే టైమ్. అరగంట మాట్లాడుకున్నాం.

ప్యూర్‌వెజ్_గుంటూరు:
క్షేమంగా వచ్చినందుకు సంతోషం అమ్మా. చీజ్ సంగతి మాత్రం రాయలేదు. ఎక్కడైనా అడిగావా, వాళ్ళేం చెప్పారు? డిసెంబరులో మా అమ్మానాన్నలు వెళ్తున్నారు.