'జార్జి చేస్తాడులే': ఎవరా జార్జి?

పాతపత్రిక: ఇరవయ్యో శతాబ్దం మొదట్లోని అమెరికా పత్రికల్లో కనిపించే ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'లెట్ జార్జ్ డూ ఇట్', అంటే పనిని ఇంకెవరి మీదో వదిలేయడం. మన గుంపులోనే ఎవరో దీన్ని తెలుగు చేశారు, సగమే గుర్తుంది. 'జార్జి చేస్తాడులే' అన్నారా, 'జార్జిని చెయ్యనీ' అన్నారా?

కృష్ణాతీరం: 'చెయ్యనీ'నే. ఫ్రాన్సు రాజు పన్నెండో లూయీ తన మంత్రి, కార్డినల్ జార్జ్ దాంబ్వాజ్ మీద భారం వేస్తూ అన్నాడని చెబుతారు కదా. అది రాజు ఇచ్చే అనుమతి. 'లే' తగిలిస్తే బద్ధకం వచ్చేస్తుంది.

రైలుబండి: బద్ధకమే కదండీ అసలు అర్థం! ఆ కార్డినల్ 1510లో పోయాడు. నాలుగు వందల ఏళ్ళు ఆ మాట ఎక్కడ దాక్కుంది? అమెరికాలో దాన్ని ఇంటింటికీ చేర్చింది 1910 ప్రాంతంలో ఇదే పేరుతో వచ్చిన జార్జ్ మెక్‌మానస్ బొమ్మల కథ. నాకైతే ఆ జార్జి పుల్‌మన్ పోర్టరే, అంటే పుల్‌మన్ కంపెనీ పడక బోగీల్లో ప్రయాణికులకు సేవలు చేసే పనివాడే అనిపిస్తుంది. పక్క పరచాలన్నా, బూట్లు తుడవాలన్నా ప్రయాణికులు పిలిచింది 'జార్జ్' అనే.

పాతపత్రిక: అందరి పేరూ జార్జేనా?

రైలుబండి: కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటే బండెక్కింది. అంతర్యుద్ధం తర్వాత పుల్‌మన్ ఏరికోరి పెట్టుకున్నది విముక్తులైన నల్లవాళ్ళనే. నెలకు 400 గంటలు లేదా 11,000 మైళ్ళు పని, బతుకంతా టిప్పుల మీద. దానికి తోడు సొంత పేరు కూడా లేకపోవడం.

గోదారిగట్టు: యజమాని పేరు అనేది ఒక వాదం మాత్రమే. జార్జి అప్పట్లో ఊరూరా ఉన్న పేరు. మనం 'ఎవరో ఒక ఎల్లయ్య' అన్నట్టు ఎందుకు కాకూడదు?

రైలుబండి: ఎల్లయ్య అన్నప్పుడు ఎదుట మనిషి ఉండడండీ. ఇక్కడ ఎదుట నిలబడ్డ మనిషికే ఇంకొకరి పేరు పెడుతున్నారు. రెండూ ఒకటెలా అవుతాయి?

పాతపత్రిక: దీని మీద ఒక సంఘం ఉండేదని చదివాను.

రైలుబండి: ఉండేది. 1914లో జార్జ్ డులేనీ అనే కలప వ్యాపారి పెట్టాడు. పోర్టర్లను జార్జి అని పిలవకుండా ఆపే సంఘం. 31,000 మంది సభ్యులని చెప్పుకునేవారు. ఇంగ్లండు రాజు అయిదో జార్జి, ఫ్రాన్సు నాయకుడు జార్జ్ క్లెమాన్సో, బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ (అసలు పేరు జార్జ్ హెర్మన్ రూత్) అందులో ఉన్నారు. పత్రికలకు మంచి సరదా వార్త. కానీ వాళ్ళ బాధల్లా తమ పేరు పలచబడుతోందని. పోర్టరు పరువు వాళ్ళ లెక్కలో లేదు. 1926లో రైలు పెట్టెల్లో పోర్టర్ల అసలు పేర్ల బోర్డులు పెడుతూ లెక్క తీస్తే, 12,000 మందిలో జార్జిలు 362 మందే.

అక్షరమాల: ఆ బోర్డుల గొప్ప డులేనీకి కట్టబెట్టకండి. అంతకు ముందు ఏడాదే, 1925 ఆగస్టులో, న్యూయార్క్‌లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన పోర్టర్ల యూనియన్ మొదలైంది. 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించింది. రైళ్ళ మాట వచ్చింది కాబట్టి నాకెంతో ఇష్టమైన నల్లజాతి కవి క్లాడ్ మెకేని తలుచుకోకుండా ఉండలేను. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ భోజన బోగీలో వెయిటరుగా ఉంటూనే 1919లో 'ఇఫ్ వుయ్ మస్ట్ డై' అనే సానెట్ రాశాడు, తోటి పనివాళ్ళకే ముందు చదివి వినిపించాడు. పద్నాలుగు పాదాల్లో ఎక్కడా రంగు మాట రాదు.

గోదారిగట్టు: మెకే వెయిటరు, పుల్‌మన్ పోర్టరు కాదు. కంపెనీ కూడా వేరు.

అక్షరమాల: కంపెనీ వేరైనా ప్రయాణికులు వాళ్ళేనండీ.

కృష్ణాతీరం: కవిత్వం సరే, నా 'చెయ్యనీ' సంగతి తేల్చండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పైలట్లు ఆటోపైలట్‌నే జార్జి అన్నారు. అక్కడ 'జార్జిని నడపనీ' అంటేనే అందం.

రైలుబండి: యంత్రానికి అనుమతి ఎందుకండీ? పైలట్ చేతులు వదిలేసి 'జార్జి చూసుకుంటాడులే' అనుకుంటాడు. నేను 'లే' దగ్గరే ఉన్నాను. పోర్టరుతో ఎవరైనా 'చెయ్యనీ' అన్న వాడుక పాత పత్రికల్లో దొరికితే ఇక్కడ పెట్టండి, చూద్దాం.