వెనక్కి తీసుకున్న ట్రయల్‌ని ఇంకా ఎందుకు చూపిస్తున్నారు? (మెడిటరేనియన్ డైట్)

చెట్టునీడ: ఆలివ్ నూనె, కూరగాయలు, పప్పులు, చేపలు ఎక్కువగా ఉండే మెడిటరేనియన్ డైట్ గుండెజబ్బుని ఆపుతుందా అని ఎవరిని అడిగినా స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ ట్రయల్ పేరే చెబుతారు. 2013లో వచ్చింది. ముప్పు ఎక్కువున్న 7447 మందిని మూడు గుంపులు చేసి ఒకరికి ఈ డైట్‌తో పాటు ఆలివ్ నూనె, ఒకరికి ఇదే డైట్‌తో పాటు రోజూ 30 గ్రాముల బాదం, వాల్‌నట్ లాంటి గింజలు, మూడోవాళ్ళకి కొవ్వు తగ్గించమని సలహా ఇచ్చారు. 2018లో ఆ పరిశోధన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు కదా, ఇక దేన్ని నమ్మాలి?

లెక్కలపిచ్చి: సగం చెప్పి వదిలేస్తే ఎలాగండీ? సరిదిద్ది అప్పుడే మళ్ళీ ప్రచురించారు. ఎవరు ఏ గుంపో చీటీ తీసినట్టు తేలాలి. కొన్ని ఇళ్ళల్లో ఒకరికి వచ్చిన గుంపులోనే రెండోవారినీ వేసేశారు, ఒకచోట క్లినిక్ క్లినిక్కే ఒక గుంపైంది. వాళ్ళని తీసేసి లెక్కేసినా ముప్పు దాదాపు 30 శాతం తక్కువే. తిండి అదుపులో పెట్టుకోలేనివాళ్ళు సాకులు వెతుక్కుంటారు, అంతే.

మొండిఘటం: 30 శాతం అంటే వినడానికి బాగుంటుంది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం అన్నీ కలిపి సలహా గుంపులో 4.4 శాతం, నూనె గుంపులో 3.8, గింజల గుంపులో 3.4. సుమారు ఐదేళ్ళలో నూటికి ఒకరు. పైగా సలహా గుంపుకి మొదటి మూడేళ్ళు ఏడాదికో కరపత్రం ఇచ్చి ఊరుకున్నారు. మిగతావాళ్ళకి డైటీషియన్, ఇంటికి ఉచితంగా నూనె లేదా గింజలు. ఇది పోటీయా?

దారినపోయే: నూనె, గింజలు కంపెనీలు ఇచ్చినవే. 😀

లెక్కలపిచ్చి: సలహా గుంపులో మధ్యలో మానేసి లెక్కలోంచి పోయినవాళ్ళు ఎక్కువ, అందుకే ఉత్త శాతాలు చూస్తే తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కరపత్రమే మీ బాధైతే కార్డియోప్రెవ్ అనే ఇంకో ట్రయల్ చూడండి. స్పెయిన్‌లోనే కార్డోబాలో అప్పటికే గుండెజబ్బున్న 1002 మంది, ఏడేళ్ళు, 2022లో వచ్చింది. మెడిటరేనియన్, తక్కువ కొవ్వు, రెండు గుంపులకీ ఒకేలా డైటీషియన్లు. మెడిటరేనియనే మెరుగు.

మొండిఘటం: కరపత్రం సంగతి ఒప్పుకున్నట్టేనా?

లెక్కలపిచ్చి: నేను ఏం చెబుతున్నాను, మీరేం అడుగుతున్నారు!

మొండిఘటం: అడిగేది ఎందుకో చెబుతాను. మా అన్నయ్య ఆరేళ్ళు ఈ పద్ధతి తప్పలేదు. చేపలు, పప్పులు, కూరగాయలు, ఆలివ్ నూనె. 52 ఏళ్ళకి స్టెంట్ పడింది. ఏం తినేవాడో చెబితే అక్కడి డైటీషియన్ నవ్వి, "చాటుగా తినే ఉంటారు" అంది. మంచం మీదున్న మనిషిని! మీ "సాకులు" అన్న మాట చదవగానే ఆవిడే గుర్తొచ్చింది.

చెట్టునీడ: అయ్యో. ఈ పద్ధతిలో ఉన్నవాళ్ళకి జబ్బే రాదని ఆ ట్రయల్ చెప్పలేదండీ. నూనె, గింజల గుంపుల్లోనూ వచ్చింది.

మొండిఘటం: అదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకునేది. తగ్గుతుందంటే వింటాను. వచ్చినవాడిదే తప్పంటే వినను.

లెక్కలపిచ్చి: ఆ మాట అనకుండా ఉండాల్సింది, తీసేస్తున్నాను. నాకూ గుండెపోటు వచ్చిందండీ, నాలుగేళ్ళయింది. మా నాన్నకీ ఇదే జబ్బు. వంశాన్ని మార్చుకోలేను, వయసునీ మార్చుకోలేను. కంచం ఒక్కటే నా చేతిలో ఉంది. అదీ నూటికి ఒకరి మాటే అని మీరు తేల్చేస్తే కోపం వచ్చింది.

దారినపోయే: ఇంతకీ గింజలు పచ్చివా, వేయించినవా?

మొండిఘటం: మీకు తగ్గాలనే కోరుకుంటాను మాస్టారూ. కార్డియోప్రెవ్ చదివాను. ఆడవాళ్ళు అయిదో వంతు కూడా లేరు, వాళ్ళలో తేడా తేలలేదు. దానికేమంటారు?