హీలియం 18వ గ్రూపులో ఉండాలా, 2వ గ్రూపులో ఉండాలా?

మిరపబజ్జి: మా అమ్మాయి పదో తరగతి. ఆవర్తన పట్టిక చార్టుకి రంగులేస్తూ, హీలియం గడికి కూడా హైడ్రోజన్, లిథియంలకు వేసిన ఎస్ బ్లాకు (చివరి ఎలక్ట్రాన్ ఎస్ ఆర్బిటాల్‌లో చేరే మూలకాలు) పసుపే వేసిందట. స్కూల్లో ఒక మార్కు కోసేశారు, 18వ గ్రూపు (నిలువు వరస) జడవాయువు కదా, నియాన్‌కి వేసిన పీ బ్లాకు రంగే వెయ్యాలని. ఉన్నవే రెండు ఎలక్ట్రాన్లు, రెండూ మొదటి కక్ష్యలోని ఎస్ ఆర్బిటాల్‌లో, అంటే 1ఎస్‌లోనే ఉన్నాయి, మరి పీ బ్లాకు రంగు ఎందుకు? అసలు నన్నడిగితే హీలియంని బెరీలియం నెత్తిన, రెండో గ్రూపులో కూర్చోబెట్టాలి.

పాత మాస్టారు: రంగు విషయంలో అమ్మాయిదే రైటు, మార్కు ఇవ్వాల్సిందే. చోటు మార్చడం మాత్రం ఒప్పుకోను. బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం లోహాలు, రసాయన చర్యల్లో రెండేసి ఎలక్ట్రాన్లు ఇస్తాయి. హీలియం ఒక్కటీ వదలదు. మెండలీవ్ 1869లో పరమాణు భారం ప్రకారం పేర్చుకుంటూ వచ్చి, టెల్లూరియం బరువెక్కువైనా అయోడిన్ కన్నా ముందే పెట్టాడు, ఎందుకంటే అయోడిన్ గుణాలు క్లోరిన్, బ్రోమిన్‌ల గుణాలే. గుణం చూశాడు కాబట్టే పట్టిక నిలబడింది.

గోలీసోడా: సగం కథే చెప్పారు మాస్టారూ. 1913లో భౌతిక శాస్త్రవేత్త మోస్లే ఎక్స్-కిరణాలతో తేల్చాక పరమాణు సంఖ్య (ప్రోటాన్ల లెక్క) ప్రకారం టెల్లూరియం 52, అయోడిన్ 53 అయ్యాయి. లెక్క తప్పు కాదు, అసలు లెక్క అప్పటికింకా దొరకలేదంతే. ఇంకోటి, పీరియడ్ల (అడ్డు వరసల) పొడవు చూడండి: 2, 8, 8, 18, 18, 32, 32. ఆ 2 ఒక్కటే ఒంటరి. 1928లో ఫ్రాన్సులో షార్ల్ జానె హీలియంని బెరీలియం పైన పెట్టి గీసిన పట్టికలో 2, 2, 8, 8 అంటూ అన్నీ జంటలే.

పాత మాస్టారు: చూడ్డానికి ముచ్చటగా ఉంటే సరిపోతుందా? అయనీకరణ శక్తి, అంటే ఒక ఎలక్ట్రాన్‌ని ఊడబీకడానికి పట్టే శక్తి చూడు నాయనా. హీలియం 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు, నియాన్ 21.6, ఆర్గాన్ 15.8, మెట్లు దిగినట్టుంది. బెరీలియం 9.3. అది మెట్టు దిగడం కాదు, మేడ మీంచి దూకడం.

గోలీసోడా: హైడ్రోజన్ 13.6, దాని కింద లిథియం 5.4. అదీ దూకడమే కదా! ఒక వాయువుని తీసుకెళ్లి లోహాల నెత్తిన పెట్టినప్పుడు లేని అభ్యంతరం దీనికెందుకు?

పాత మాస్టారు: హైడ్రోజన్ కనీసం సోడియంలాగా క్లోరిన్‌తో ఒకటికి ఒకటి కలుస్తుంది, హీలియం దేని మొహమూ చూడదు. అయినా దాన్నీ 17లో, అంటే క్లోరిన్ గ్రూపులో పెట్టాలనేవాళ్లు ఉన్నారులే, ఒప్పుకుంటా, హైడ్రోజన్ దగ్గర నా వాదన కాస్త బలహీనమే. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపాక్ పట్టికలో మాత్రం హీలియం ఇప్పటికీ 18లోనే ఉంది.

గుంటూరోడు: మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం చూడ్డానికి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఫ్రాన్సు నుంచి మా గుంటూరొచ్చాడు. సూర్యుడి అంచు వెలుగుని రంగులుగా విడదీస్తే కనబడ్డ గీతని ముందు సోడియందే అనుకున్నారు. తర్వాత అది కొత్త మూలకమని (మన హీలియమే) తేలినా, అదీ లోహమే అయ్యుంటుందనుకుని ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త లాకయర్ వాళ్లు సోడియం, లిథియంలాగా చివర 'ఇయం' తగిలించారు. నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్‌ల పక్కన పేరు తేడాగా ఉండేది అందుకే. రసాయన శాస్త్రవేత్త రామ్సే 1895లో భూమ్మీద పట్టుకున్నాకే వాయువని తెలిసింది. అన్నట్టు మిరపబజ్జి గారూ, ఆ గీత రంగు కూడా పసుపే, మీ అమ్మాయికి చెప్పండి.