చెన్నైలో పారే అడయారు ఏటి మీద ఖాళీగా ఉంచే ఆనకట్ట కట్టాలా?

మణపాక్కం కిరాయిదారు:
2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. మా కింది వాటాలో నడుముల్లోతు నీళ్లు. అమెరికాలో డేటన్ ఊరు 1913లో మునిగాక, ఎగువన ఐదు మట్టి ఆనకట్టలు కట్టారు. 1922కల్లా పూర్తయ్యాయి. గేట్లు లేవు. మామూలు రోజుల్లో వెనక చుక్క నిలవదు, ఏరు తూములోంచి పారుతుంది. వరదొస్తే తూము పట్టినంత పోతుంది, మిగతాది కట్ట వెనక ఆగుతుంది. మనకెందుకు వద్దు?

నెల్లూరు కాలవ:
ఖాళీగానా? 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్న ఊరు సార్ ఇది! నెల్లూరు జిల్లా కండలేరు జలాశయం నుంచి మన పూండి చెరువుకి రావాల్సిన 12 టీఎంసీల కోసం ఏటా ఎదురుచూపులే. ఇక్కడ కట్ట వేసి నీళ్లు నిలపం అంటే జనం ఊరుకుంటారా?

కట్ట పని చేసినవాణ్ణి:
అసలు చిక్కు అదే. చెంబరంబాక్కం లోతు 24 అడుగులు. తాగునీటి చెరువు కాబట్టి నింపుకోవాలనే చూస్తారు, ఆ రోజు కూడా దాదాపు నిండే ఉంది. మట్టి కట్ట పైనుంచి నీళ్లు పొర్లితే కోసుకుపోతుంది, గేట్లు ఎత్తక తప్పదు. ఎప్పుడు, ఎంత అన్నదే తగాదా. గేట్లే లేకపోతే అర్ధరాత్రి ఎవరినడగాలన్న టెన్షన్ ఉండదు. అందుకే నాకు ఈ ఆలోచన నచ్చింది.

ముడిచ్చూరు అక్క:
మా వీధి మునిగింది చెంబరంబాక్కం వల్ల కాదు తమ్ముడూ. దాని మిగులు నీళ్లు తిరునీర్‌మలై దగ్గర అడయారులో కలుస్తాయి, మేం దానికి ఎగువన. ఆ రోజు తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన. పై చెరువులన్నీ పొంగి మా మీద పడ్డాయి. ఒక్క కట్ట దేన్ని ఆపుతుంది? అయినా పదేళ్లు ఎండిన చెరువు కనబడితే మనవాళ్లు రాళ్లు పాతి ప్లాట్లు వెయ్యరూ?

మణపాక్కం కిరాయిదారు:
ఒక్కటి చాలదు, ఒప్పుకుంటాను. ప్లాట్ల సంగతికి మాత్రం డేటన్‌లో దారి చూశారక్కా. ముంపు పొలాలు కొని, ఇళ్లు కట్టకూడదని దస్తావేజులో షరతు రాసి, మళ్లీ రైతులకే అమ్మారు.

ముడిచ్చూరు అక్క:
దస్తావేజా! మేం కొన్నప్పుడు ఇది వాననీళ్ల దారి అని ఏ కాగితంలోనూ లేదు. పడవలో బయటికొచ్చిన రోజు తెలిసింది.