ఫామ్-5 పార్ట్-సి లెక్క తేలట్లేదు, సెప్టెంబర్ 30 నెత్తి మీదకొచ్చింది

మిల్లు_మేస్త్రీ
ఏటా పొల్యూషన్ బోర్డుకి ఇచ్చే పర్యావరణ నివేదిక, అదే ఫామ్-5, నింపుతున్నాను. మాది సిమెంట్ గ్రైండింగ్ యూనిట్. కిల్న్ (కాల్చే బట్టీ) లేదు, క్లింకర్ (కాల్చిన సిమెంట్ గడ్డలు) బయటనుంచి వస్తుంది. మూడు చోట్ల ఆగిపోయింది. పార్ట్-బిలో టన్నుకు నీళ్లు దేనితో భాగించాలి? పార్ట్-సిలో దుమ్ము రోజుకు ఎన్ని కిలోలు? బ్యాగ్ ఫిల్టర్ దుమ్ము మళ్లీ మిల్లులోకే పోతుంది కదా, పార్ట్-ఈలో (ఘన వ్యర్థాలు) చూపాలా? మిల్లు స్టాక్ (చిమ్నీ) వివరాలు: గాలి గంటకు 60,000 ఘనపు మీటర్లు, 90 డిగ్రీలు, ల్యాబ్ రిపోర్టులో దుమ్ము ఘనపు మీటరుకి 22 మిల్లీగ్రాములు, రోజుకు 20 గంటల రన్నింగ్.

లెక్కల_పంతులు
22ని నేరుగా 60,000తో గుణించి 26.4 కిలోలు అని పెట్టేస్తారు చాలామంది. వెనక్కి రాకేం చేస్తుంది? 22 అనేది నార్మల్ (నిర్ణీత ఉష్ణోగ్రత, పీడనం దగ్గర లెక్కించిన) ఘనపు మీటరుకి, 60,000 ఏమో వేడి గాలి. ముందు గాలిని 25 డిగ్రీలకు దించండి (డిగ్రీలకు 273 కలిపి): 60,000 × 298 ÷ 363 = 49,256. గంటకు 1.08 కిలో, రోజుకు 21.7. ప్రమాణం 30 మిల్లీగ్రాములు కాబట్టి తేడా కాలమ్‌లో మైనస్ 26.7 శాతం. అక్కడ సున్నా వేసి వదిలెయ్యకండి.

కిల్న్_నైట్‌షిఫ్ట్
నార్మల్ అంటే 0 డిగ్రీలు పంతులుగారూ. 273 పెట్టండి. 45,124 వస్తుంది, రోజుకు 19.9 కిలోలు.

లెక్కల_పంతులు
ఇక్కడ స్టాక్ మానిటరింగ్‌కి 25 డిగ్రీలు, 760 మి.మీ. పాదరసం, పొడి గాలి. 0 డిగ్రీలు యూరప్ వాళ్ల అలవాటు.

కిల్న్_నైట్‌షిఫ్ట్
ఫ్యాన్ డేటాషీట్ మీద 0 అనే ఉంటుంది. డేటాషీట్ చూడకుండా పాఠాలు చెప్తే ఎలా?

కంకర_రాజు
మీకు స్టాక్ అన్నా ఉంది. క్రషర్ వాళ్ల సంగతేంటి? యంత్రానికి 3 నుంచి 10 మీటర్ల మధ్య దుమ్ము ఘనపు మీటరుకి 600 మైక్రోగ్రాములు దాటకూడదంటారు, ఫామ్‌లో మాత్రం రోజుకు కిలోలు అడుగుతారు. చిమ్నీయే లేనిదానికి కిలోలు ఎక్కడినుంచి తేవాలి?

ఫిల్టర్_సంచి
రాజన్నా, గాఢత కాలమ్‌లో కొలిచిన అంకె వెయ్యి. పరిమాణం కాలమ్‌లో 'స్టాక్ లేదు, ఫ్యుజిటివ్' (చిమ్నీలోంచి కాకుండా చెదిరే దుమ్ము) అని రాసి, నీళ్ల స్ప్రే, కన్వేయర్ కవర్ల వివరం పార్ట్-జిలో పెట్టు. ఊహించి కిలోలు మాత్రం వెయ్యకు.
ఇక మీ ఇద్దరిదీ ఉత్త గొడవ. చిమ్నీలోంచి పోయే దుమ్ము ఎంతో అంతే, థర్మామీటర్ మారిస్తే తగ్గదు. 25 దగ్గర 22 అయితే 0 దగ్గర అదే 24.0 అవుతుంది. 24.0 × 45,124 వేసినా గంటకు 1.08 కిలోయే. గాఢత ఒక బేస్‌లో, ఫ్లో ఇంకో బేస్‌లో తీసుకుంటేనే 19.9 లాంటి అంకె పుడుతుంది.

కిల్న్_నైట్‌షిఫ్ట్
సరే, కలిపేశాను, ఒప్పుకుంటున్నా. కానీ తేమ ఎవరు తీశారు? మిల్లులో వాటర్ స్ప్రే నడుస్తుంటుంది. తేమ 8 శాతం అనుకుంటే పొడి గాలి 45,316. రోజుకు 19.9 కిలోలు! నేను చెప్పిన అంకే వచ్చిందిగా.

లెక్కల_పంతులు
తప్పు దారిలో వెళ్లి సరైన ఇంటికి చేరినట్టుంది. తేమ మాట మాత్రం నిజమే, నేను వదిలేశాను. మేస్త్రీ గారూ, 60,000 తడి గాలా, పొడి గాలా, రిపోర్టులో తేమ శాతం ఉందా? లేకపోతే ల్యాబ్‌ని అడిగి రాయించుకోండి. శాంపిల్ తీసే పోర్టు (రంధ్రం) ఎక్కడ పెట్టారో కూడా చూడండి. కింద వంపు నుంచి డక్ట్ వ్యాసానికి 8 రెట్లు, పైన 2 రెట్లు దూరం లేకపోతే ట్రావర్స్ పాయింట్లు (డక్ట్‌కి అడ్డంగా కొలిచే చోట్లు) పెంచాలి. నాలుగు పాయింట్లతో ముగించిన రిపోర్టు నాకు అక్కర్లేదు.

బూడిద_ఇటుక
ఫ్లైయాష్ ఇటుకల వాళ్లు ఇదంతా చదివి బెంగపడొద్దు. కన్సెంట్ (బోర్డు అనుమతి) గానీ హజార్డస్ ఆథరైజేషన్ (ప్రమాదకర వ్యర్థాల అనుమతి) గానీ అవసరమైన పరిశ్రమలకే ఫామ్-5. 2016 జాబితాలో ఫ్లైయాష్ ఇటుక తెలుపు, అంటే కన్సెంట్ అక్కర్లేని రంగు. జాబితాలు మారుతుంటాయి, ఈ ఏడాది మీ యూనిట్ ఏ రంగులో ఉందో చూసుకోండి.

గేర్‌బాక్స్_ఆయిల్
పార్ట్-డి (ప్రమాదకర వ్యర్థాలు) గురించి ఒక్కరూ నోరెత్తలేదు. జూన్ 30కి వేసిన ఫామ్-4కీ (ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్న్) దీనికీ వాడేసిన ఆయిల్ అంకె ఒకటే ఉండాలి. కన్సెంట్‌లో లీటర్లు, ఫామ్-4లో టన్నులు, ఇక్కడేమో డ్రమ్ములు! 1,800 లీటర్లు × 0.88 = 1.58 టన్నులు. ప్రమాదకర వ్యర్థాల జాబితాలో కేటగిరీ 5.1. ఆయిల్ తుడిచిన గుడ్డలు 5.2, అందులో కలపొద్దు. 90 రోజులకు మించి షెడ్డులో ఉంచితే తేదీలు మ్యానిఫెస్ట్‌లోనే (వ్యర్థాల రవాణా చీటీ) పట్టిస్తాయి.

చీమకుర్తి_స్లాబ్
యూరప్ కొనుగోలుదారు గ్రానైట్‌కి ఈపీడీ (ఉత్పత్తి పర్యావరణ ప్రకటన) అడుగుతున్నాడు. ఈ ఫామ్-5 ఇంగ్లీషులో పంపితే సరిపోతుందా? సీబామ్ (యూరప్ దిగుమతులపై కార్బన్ సుంకం) కూడా కట్టాలంటగా?

ఫిల్టర్_సంచి
సరిపోదండీ. ఈపీడీ అంటే యూరప్ ప్రమాణం ఈఎన్ 15804 ప్రకారం లైఫ్ సైకిల్ లెక్క. ఏ1 నుంచి ఏ3 (ముడిసరుకు నుంచి తయారీ దాకా), వాటితోపాటు సీ1 నుంచి సీ4 (వాడకం ముగిశాక), డీ (తిరిగి వాడటం వల్ల లాభం) మాడ్యూళ్లు చూపాలి, స్వతంత్ర వెరిఫికేషన్ ఉండాలి. గ్యాంగ్‌సా (రాయి కోసే రంపం) కరెంటు, బ్లేడు అరుగుదల, స్లర్రీ విడివిడిగా మీటర్ పెట్టి కొలవకపోతే కన్సల్టెంట్ డేటాబేస్ సగటు వేసేస్తాడు. సీబామ్‌లో సిమెంట్ ఉంది, గ్రానైట్ లేదు.

కంకర_రాజు
గ్రానైట్ తప్పించుకుంది, కంకర మాత్రం దుమ్ము తింటోంది.

మిల్లు_మేస్త్రీ
తేమ అంకె రిపోర్టులో లేదు, ల్యాబ్‌కి ఫోన్ చేశాను. నీళ్లు, పార్ట్-ఈ సంగతి ఎవరైనా చెప్తారా?

గేర్‌బాక్స్_ఆయిల్
నీళ్లని నిజంగా తీసిన ఉత్పత్తితో భాగించండి, కెపాసిటీతో కాదు. రోజుకు 84 కిలోలీటర్లు, 300 రోజులు అంటే 25,200. 4,20,000 టన్నులు తీస్తే టన్నుకు 0.06. 6,00,000 కెపాసిటీతో భాగిస్తే 0.042 వస్తుంది. మరుసటి ఏడాది ఉత్పత్తి మారగానే పక్క కాలమ్‌తో పొంతన పోతుంది. బ్యాగ్ ఫిల్టర్ దుమ్ము పార్ట్-ఈలో కంట్రోల్ పరికరాల నుంచి వచ్చినదిగా చూపించి, అదే అంకె 'యూనిట్‌లోనే తిరిగి వాడినది' గడిలో వెయ్యండి.

కిల్న్_నైట్‌షిఫ్ట్
తేమ 8 శాతం వస్తే ఇక్కడ చెప్పండి మేస్త్రీ గారూ. పంతులుగారికి స్క్రీన్‌షాట్ పెట్టాలి.