బాలల రక్షణ సంస్థలో నిధుల సేకరణ ఉద్యోగం: ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న (హన్మకొండ): ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయిపోవస్తోంది. బాల్యవివాహాలు, పిల్లల అక్రమ రవాణా ఆపే సంస్థకు నిధులు తెచ్చే పని చెయ్యాలని ఉంది. ఇంగ్లిష్ బాగా రాస్తే సరిపోతుందా?

జవాబు 1 (వరంగల్): సరిపోదండీ, లెక్క రావాలి. ముందు సంస్థ కాగితాలు చూడండి: 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ), సీఎస్‌ఆర్-1 (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అంటే సీఎస్‌ఆర్, తీసుకునేందుకు నమోదు). ఆ మూడోది లేకుంటే కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు రాదు. విదేశీ నిధులకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ నిధుల్లో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అలా వచ్చిన డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ప్రతిపాదన తేలిపోయేది ఎక్కువగా బడ్జెట్ దగ్గరే. ‘కౌన్సెలింగ్ 6 లక్షలు’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ నమ్మరు. ఇద్దరు కౌన్సెలర్లు, నెలకు 25,000 చొప్పున, 12 నెలలు అని విడదీసి రాయండి.

జవాబు 2 (మంచిర్యాల): దాత ఎంత అడిగినా కాపాడిన పిల్లల ఫొటో, ఊరు, బడి పేరు రిపోర్టులో పెట్టొద్దు. 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం అది నేరం. ముఖం మసక చేసినా వెనక బడి బోర్డు కనబడితే పిల్లను ఊరంతా గుర్తుపడుతుంది. ఈ షరతు ఒప్పందంలోనే రాయించండి.

జవాబు 3 (కరీంనగర్): సీఎస్‌ఆర్ డబ్బు అడగడానికి మన దిక్కు సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ ఉన్నాయి. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో పరుగెత్తడం కన్నా, అది మొదలయ్యే ఏప్రిల్ దగ్గరే వాళ్లను కలవడం మేలు.